లోజా కడిగిన మెట్లు

బాల్టిమోర్ రేవుకు తూర్పున, ఒకప్పుడు లోజా ఇల్లున్న చోట ఇప్పుడు గడ్డి మొలిచి ఉంది. పొద్దున్నే జనం అక్కడికి కుక్కలను తీసుకొస్తారు. సాయంత్రం పిల్లలు బంతాట ఆడతారు. పెద్ద రోడ్డు వేస్తామని చెప్పి నగరంవాళ్ళు ఆ వరుస ఇళ్ళన్నీ కొని కూల్చారు. ఇళ్ళు పోయాయి గాని రోడ్డు రాలేదు. ఆ గడ్డిలో నడుస్తుంటే చెప్పు కింద ఏదైనా కరకరమంటే అది ఆల్చిప్ప పెంకే. ఆ పేట సగం ఆల్చిప్పల గుట్టల మీదే లేచింది.

లోజా అసలు పేరు లియోకాదియా. జ్ఞానస్నానం నాడు గుడిలో పెట్టిన ఆ పేరుతో ఆ తర్వాత ఎవరూ పిలవలేదు. ఆమె తల్లి పోలండు నుంచి వచ్చి ఓడ దిగిన ఏడాదే ఊరి నడిబొడ్డు తగలబడింది. రెండు రోజులు ఆకాశం ఎర్రగా ఉందని, మగవాళ్ళు తడిపిన దుప్పట్లు కప్పుల మీద పరిచి కాపలా కూర్చున్నారని, మంట వాగు గట్టుదాకా వచ్చి అక్కడ ఆగిందని తల్లి చెబుతుండేది. "వాగు ఆపిందని మగవాళ్ళంటారు. మేం మోకాళ్ళ మీద ఉన్నాం, అది మాత్రం ఎవరికీ కనపడలేదు" అనేది చివర్న.

లోజా పుట్టింది ఆ మంట చల్లారిన కొన్నేళ్ళకు. నడక వచ్చినప్పటి నుంచి టమాటాలు ఒలవడం వచ్చు. ఆగస్టు వచ్చిందంటే రేవు పొడుగునా డబ్బాల కర్మాగారాలన్నిట్లోంచీ టమాటా ఆవిరి లేచేది. ఆ నెలంతా గుడిలో సాంబ్రాణి వేసినా టమాటా వాసనే వచ్చేదట. వేసవిలో తల్లీపిల్లలంతా బండ్లెక్కి చిక్కుడు చేలకు పోయేవారు. చలికాలంలో రైలెక్కి దక్షిణాన సముద్రం ఒడ్డుకు, ఆల్చిప్పలు విప్పే పనికి. వసంతంలో ఈస్టరుకు ముందు తిరిగి వచ్చేవారు. దిగగానే సామాను లోపల పెట్టకముందే తల్లి చేసే పని ఒక్కటే. మెట్లు కడగడం.

ఆ మెట్ల సంగతి చెప్పాలి. ఆ వీధిలో ఇళ్ళు ఇటుకవి. పన్నెండడుగుల వెడల్పు, గోడకు గోడ ఆనుకుని రైలు డబ్బాల్లా ఉండేవి. లోపల గదికీ గదికీ మధ్య మనిషి పక్కకు తిరిగి నడవాలి. కానీ ప్రతి ఇంటి ముందూ మూడు తెల్లటి పాలరాతి మెట్లు. రాజధానిలో మింటికి లేచిన వాషింగ్టన్ స్తంభానికి వాడిన రాయీ, వీళ్ళ గుమ్మం ముందు రాయీ ఒకే గనిలోవి. వేలికి ఉంగరం లేని ఆడది కూడా ఆ మెట్లు తలుచుకుని తలెత్తుకు తిరిగేది. శనివారం పొద్దున వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఆడవాళ్ళు మోకాళ్ళ కింద గోనె మడత వేసుకుని, నురుగురాయితో, గరుకు బ్రష్షుతో బరబరా తోముతుంటే ఆ చప్పుడుకి పావురాలు కూడా లేచిపోయేవి. సబ్బు నీళ్ళు వీధి గట్టు పొడవునా కాలవై పారి రేవులో కలిసేవి.

లోజా పద్దెనిమిదో ఏట ఓడల్లో సరుకు దించే తెయోఫిల్‌ను చేసుకుని, తల్లి ఇంటికి నాలుగు గుమ్మాల అవతల కాపురం పెట్టింది. పక్క గుమ్మం గేనియాది. గేనియా ఆమెకంటే ఏడాది పెద్ద. బక్కపల్చటి మనిషి. నోరు మాత్రం ఇంటికంటే పెద్దది. ఇద్దరూ ఒకే కర్మాగారంలో ఒకే బల్ల ముందు ఎదురెదురుగా కూర్చుని టమాటాలు ఒలిచారు. లోజా కూతురు ఇరెన్కాకు జ్ఞానస్నానంలో తల్లిగా నిలబడింది గేనియా. అప్పటి నుంచి వాళ్ళ వాడుక ప్రకారం ఇద్దరూ ఒకరికొకరు "కూమా" అయ్యారు. ఆ పిలుపు దొరికాక అక్కచెల్లెళ్ళయినా దిగదుడుపే.

గోడకు చెవులుంటాయంటారు. వాళ్ళిద్దరి మధ్య గోడకు నోరు కూడా ఉండేది. గేనియా అట్లకాడతో గోడ మీద కొట్టిందంటే కాఫీ కాగిందని అర్థం. లోజా చీపురు కర్రతో తిరిగి కొట్టిందంటే వస్తున్నానని. కాఫీ తాగుతూ గేనియా కొడుకు జెనెక్‌ను లోజా ఒళ్ళో, లోజా కూతుర్ని గేనియా ఒళ్ళో కూర్చోబెట్టుకునేవారు.

"నీ కూతురు బరువెక్కింది కూమా. ఏం పెడుతున్నావు?"

"నీ ఇంట్లో తిన్నదే గదా. మా ఇంట్లో అది నోరు తెరిస్తే ఒట్టు."

"మరి మావాడు మీ ఇంట్లో తింటున్నాడు. వాడికి ఎముకలు తప్ప ఏమీ లేవు. అంటే మోసం ఎవరు చేస్తున్నట్టు?"

ఇలా సాగేది. గేనియా మొగుడు వలెంతీ తడి రాయి మీద జారి రేవులో పడి చనిపోయినప్పుడు జెనెక్‌కు ఆరేళ్ళు. ఆ రోజు లోజా చేసిన పనే ఆ వీధి ఆచారం. శవపేటిక గుమ్మం దాటి సమాధుల తోటకు వెళ్ళగానే, ఇంటివాళ్ళు తిరిగొచ్చే లోపల, ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఆ ఇంటి మెట్లు కడిగిపెట్టాలి. దుఃఖంతో వచ్చే మనిషి మురికి మెట్టు మీద కాలు పెట్టకూడదు. ఆ ఒక్క రోజు తప్ప, ఎంత స్నేహమైనా సరే, ఒకరి మెట్ల మీద ఇంకొకరు బ్రష్షు పెట్టరు. ఒంట్లో బాగోకపోతే పులుసు కాచి ఇస్తారు, బట్టలు ఉతుకుతారు, పిల్లల్ని చూస్తారు. మెట్లు మాత్రం ముట్టరు. ఇంకొకరి మెట్లు కడిగారంటే వీధికి ఒక్కటే అర్థం: ఆ ఇంట్లో మనిషి పోయాడని.

యుద్ధం వచ్చింది. డబ్బాల కర్మాగారాల్లోంచి ఆడవాళ్ళు ఓడలు కట్టే చోటికి పనికి పోయారు. జెనెక్, గుడి పుస్తకంలో జెనోన్, పంతొమ్మిదేళ్ళకే సరుకు ఓడలో చేరి సముద్రం మీదికి వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు లోజా గుమ్మంలో ఆగి, "పిన్నీ, మా అమ్మ నోరు కాస్త చూసుకో. నేను లేకపోతే మొత్తం నీమీదే పడుతుంది" అని నవ్వాడు.

ఆ రోజుల్లో వీధిలోకి తంతి మనిషి సైకిలు వస్తే కిటికీల్లో ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా సిలువ గుర్తు వేసుకునేవారు. ఎవరి మెట్ల ముందు ఆగుతుందో అని గుండె చిక్కబట్టుకుని చూసేవారు. ఒక శుక్రవారం ఆ సైకిలు గేనియా మెట్ల ముందు ఆగింది. లోజా ఆ పూట పనిలో ఉంది. చీకటి పడ్డాక ఇంటికి వచ్చేసరికి ఎదురింటి పెలాజియా గట్టు మీదే పట్టుకుంది.

"సైకిలొచ్చింది లోజా. మీ కూమా ఇంటికి. తీసుకుని తలుపేసుకుంది, అంతే. మళ్ళీ తియ్యలేదు."

లోజా గోడ మీద కొట్టింది. జవాబు లేదు. తలుపు తట్టింది. లోపల దీపం లేదు. పడుకుని ఉంటుంది, పొద్దున్నే వెళదాం, ఇప్పుడు ఏడవనీ అనుకుని, తాను కూడా ప్రార్థన చేసుకుంటూ కూర్చుంది. తెల్లవారి శనివారం. వీధంతా బ్రష్షుల చప్పుడు మొదలైంది. గేనియా కిటికీ తెర దించే ఉంది. మెట్ల మీద నిన్నటి బొగ్గుమసి అలాగే ఉంది. లోజా కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆ మెట్లు అలా ఉండగా చూడలేదు.

అప్పుడు ఆమె మనసులో మెదిలింది ఇదీ. పిల్లాడు సముద్రంలో పోయాడు. శవపేటిక రాదు. సమాధుల తోటకు వెళ్ళేది లేదు, తిరిగి వచ్చేది లేదు. మరి ఆ తల్లి మెట్లు ఎప్పుడు కడుగుతారు? ఎప్పటికీ కడగరా? బకెట్టు తీసుకుని వెళ్ళి గేనియా మెట్ల ముందు మోకరిల్లింది. కన్నీళ్ళూ సబ్బు నీళ్ళూ కలిసి కారుతుంటే మూడు మెట్లూ తోమింది.

వీధిలో బ్రష్షులు ఒకటొకటే ఆగిపోయాయి. మగవాళ్ళు టోపీలు తీశారు. పెలాజియా నల్ల పట్టీ తెచ్చి తలుపుకు కట్టింది. మధ్యాహ్నానికి గేనియా గుమ్మం పక్కన పులుసు గిన్నెలు, గసగసాల రొట్టెలు చేరాయి. సాయంత్రానికి గుడికి కబురు వెళ్ళింది.

గేనియా ఇంట్లో లేదు. తంతిలో ఉన్నది చావు కబురు కాదు. జెనెక్ గాయపడి నార్ఫోక్ ఆసుపత్రిలో ఉన్నాడని ఉంది. ఆమె తెర దించి, వెనక సందులోంచి స్టేషనుకు పరుగెత్తి, దొరికిన రైలెక్కింది. శనివారమంతా కొడుకు చెయ్యి పట్టుకుని కూర్చుంది. కాలు విరిగింది, ప్రాణానికి భయం లేదన్నారు. ఆదివారం తెల్లవారుజాము రైలుకు తిరిగి వచ్చి, ఇంటికైనా వెళ్ళకుండా, దేవుడికి దండం పెట్టుకుందామని సంచీతో సహా నేరుగా గుడికి వచ్చింది. వెనక తలుపు దగ్గర పవిత్ర జలంలో వేళ్ళు ముంచింది. అప్పుడే ఫాదర్ ములార్స్కీ పై నుంచి చదివారు: "సముద్రంలో మరణించిన మన బిడ్డ జెనోన్ ఆత్మశాంతి కోసం..."

ఆ గుడిలో ఆనాడు ఉన్నవాళ్ళు ఆ కేకను బతికినంతకాలం మరచిపోలేదు.

"వాడు బతికే ఉన్నాడు! నా బిడ్డ బతికే ఉన్నాడు! ఎవరు చంపారు వాణ్ణి?"

అందరి తలలూ లోజా వైపు తిరిగాయి. అంతకుముందే ఆమె లేచి నిలబడింది. "కూమా, నేను... సైకిలు... మెట్లు..." అని ఏదో అనబోయింది. గేనియా ఆమెను ఒక్క చూపు చూసి, సంచీ ఎత్తుకుని వెళ్ళిపోయింది.

అంతటితో పోయినా ఎలాగో సర్దుకునేదేమో. జెనెక్ కాలు బాగై మళ్ళీ ఓడెక్కాడు. ఆ తర్వాతి చలికాలంలో ఆ ఓడ తిరిగి రాలేదు. సైకిలు మళ్ళీ వచ్చింది. ఈసారి తంతిలో ఉన్నది అదే. ఆ శనివారం వీధిలో ఏ ఆడదీ గేనియా మెట్ల దగ్గరికి వెళ్ళే ధైర్యం చెయ్యలేదు. మంచు పడుతోంది. లోజా తన కిటికీలోంచి చూస్తుండగా గేనియా నల్ల శాలువా కప్పుకుని బయటికి వచ్చి, తన కొడుకు చావు మెట్లు తానే కడుక్కుంది. నీళ్ళు వెంటనే గడ్డకట్టేవి. పగలగొట్టి మళ్ళీ తోమేది. లోజా తలుపు గడియ మీద చెయ్యి పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. బయటికి వెళ్ళలేకపోయింది.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళు దాటినా వాళ్ళిద్దరి మధ్య ఒక్క మాట లేదు.

మాట లేదు గాని, మనుషులు కదా, బతుకులు గోడకు అటూ ఇటూ ఆనుకునే ఉన్నాయి. గేనియాకు జ్వరం వస్తే ఇరెన్కా చేతికి లోజా పులుసు గిన్నె ఇచ్చి పంపేది. ఇరెన్కా తన జ్ఞానస్నానపు బిడ్డ కాబట్టి గేనియా పుచ్చుకునేది. గిన్నె తోమి, అందులో నాలుగు యాపిల్‌పళ్ళు వేసి పంపేది. మంచు కురిసిన రాత్రులు తెయోఫిల్ తన ఇంటి ముందు పారతో తీస్తూ తీస్తూ పక్కింటి ముందుదాకా తీసేవాడు. "చీకట్లో హద్దు కనపడలేదు" అనేవాడు భార్యతో. క్రిస్మస్ ముందటి సాయంత్రం ఇంటిల్లిపాదీ విరిచి పంచుకునే పల్చటి దీవెన రొట్టెలో సగం లోజా పక్కింటికి పంపేది. ఒక ముక్క విరిగి మిగతాది తిరిగి వచ్చేది. మాట ఉండేది కాదు. ఆ విరిగిన అంచు వేలితో తడిమి చూసుకుని, ఇంకా తెగలేదులే దేవుడా, అనుకునేది లోజా.

ఆ పేటలో కిటికీలకు దోమల వల మీద బొమ్మలు వేయించుకునేవారు. గేనియా కిటికీ మీద ఎర్ర కప్పు ఇల్లు, చెరువు, రెండు హంసలు ఉండేవి. ఆ బొమ్మల గొప్పేమిటంటే లోపలివాళ్ళకు వీధంతా కనిపిస్తుంది, వీధిలోవాళ్ళకు హంసలే కనిపిస్తాయి. శనివారం మెట్లు తోముతూ లోజా ఆ హంసల వైపు చూసేది. వెనక ఎవరైనా ఉన్నారో లేదో ఎన్నడూ తెలిసేది కాదు.

తెయోఫిల్ పోయాడు. ఇరెన్కా పెళ్ళి చేసుకుని ఊరి ఉత్తరానికి వెళ్ళింది. కర్మాగారాలు ఒకటొకటే మూతపడ్డాయి. ఆగస్టులో టమాటా వాసన రావడం మానేసింది. ఒక వేసవిలో రోడ్డు సంగతి వచ్చింది. రేవు పొడుగునా ఇళ్ళన్నీ పోతాయన్నారు. గుడిలో సభ పెట్టారు, అరిచారు, పాటలు పాడారు. అయినా ఒక్కొక్క కుటుంబం సామాను కట్టడం మొదలుపెట్టింది. పెలాజియా వెళ్ళేటప్పుడు లోజాను కావలించుకుని, "ఇక్కడి శనివారాలు ఎక్కడ దొరుకుతాయే" అని చిన్నపిల్లలా ఏడ్చింది. చివరికి వీధిలో దీపం వెలిగే ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. వాటిలో లోజాది ఒకటి, గేనియాది ఒకటి.

గేనియా దూరాన బఫెలో ఊళ్ళో ఉన్న చెల్లెలి దగ్గరికి పోతోందని ఇరెన్కా ద్వారా తెలిసింది. గురువారం మధ్యాహ్నం ఆమె చెల్లెలి కొడుకు కారు తీసుకుని వస్తాడు.

లోజాకు ఆ వారం నిద్ర లేదు. వెళ్ళేలోపల ఒక్క మాట, తిట్టయినా సరే, ఆ నోటి నుంచి వినాలని ఆమె ప్రాణం కొట్టుకుంది. గేనియా బఫెలో వెళ్ళాక తానింక ఆమెను ఎక్కడ చూస్తుంది, ఎప్పుడు చూస్తుంది? సోమవారం గసగసాల రొట్టె కాల్చి, పట్టుకుని గేనియా మెట్ల దాకా వెళ్ళి, మెట్టు ఎక్కలేక వెనక్కి వచ్చింది. మంగళవారం గోడ మీద కొట్టడానికి చీపురు ఎత్తి దించేసింది. బుధవారం గుడిలో కూర్చుని, "తల్లీ, నీకు కూడా కొడుకు పోయాడు కదా, ఆమెతో ఏం చెప్పాలో నువ్వే చెప్పు" అని మరియమ్మను అడిగింది.

గురువారం పొద్దున తొమ్మిది దాటిందేమో, బయట ఇనుము రాతికి తగిలిన చప్పుడైంది. లోజా చూస్తే లారీ ఒకటి ఆగి ఉంది. కూల్చే ఇళ్ళ పాలరాతి మెట్లు ఊడబెరికి, శివార్లలో తోటలున్నవాళ్ళకు అమ్ముకునేవాళ్ళు అప్పటికే వీధిలో తిరుగుతున్నారు. లావుపాటి మనిషి, గునపంతో గేనియా మెట్ల కింది రాయిని తవ్వుతున్నాడు.

లోజా ఏమీ ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే జన్మలో చెయ్యదు. చేతులు ఏప్రానుకి తుడుచుకుంటూ వెళ్ళి, గేనియా పైమెట్టు మీద చతికిలబడింది.

"లే హన్. రాయి తియ్యాలి" అన్నాడతను. ఆ ఊళ్ళో చిన్నా పెద్దా అందరూ అందరినీ ముద్దుగా హన్ అనే పిలుస్తారు.

"ఇంట్లో మనిషి ఉంది."

"ఖాళీ అన్నారే?"

"ఎవరన్నారు? వాళ్ళు వచ్చి చూశారా? లోపల ముసలామె ఉంది. మధ్యాహ్నం వెళుతుంది. మెట్లు పీకేస్తే ఆవిడ కిందికి ఎలా దిగుతుంది, ఎగిరి దూకుతుందా?"

"నువ్వెవరు హన్, ఆవిడకి?"

లోజా నోరు తెరిచే లోపల వెనక తలుపు తెరుచుకుంది.

"నా మెట్ల మీద ఎవరే అది కూర్చుంది?"

ఆ గొంతు. ఇరవై నాలుగేళ్ళు. లోజా లేవలేదు, వెనక్కి తిరగలేదు.

"నేనే. రాయి పీకేస్తున్నాడు ఇతను."

"పీకనీ. రాయేగా? నగరంవాళ్ళది అయిపోయింది. నీకేం?"

"నువ్వు దిగేదాకా ఆగమంటున్నా."

"నేను దిగుతానో దూకుతానో నాకు తెలుసు. నా మెట్ల సంగతి చూసుకోమని నీకు మొదటిసారి ఎవరు చెప్పారు, రెండోసారి ఎవరు చెప్పారు?"

లావు మనిషి గునపం భుజాన పెట్టుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "నేను లారీలో కూర్చుంటా హన్. మీరు తేల్చుకోండి" అని మెల్లిగా జారుకున్నాడు.

వెనక గేనియా ఊపిరి వినపడుతోంది. లోజా వీధికేసి చూస్తూనే అంది: "నీ కొడుకు పోయాడనుకున్నా కూమా. శవం రాదు, సమాధి ఉండదు, మెట్లు ఎవరూ కడగరేమోనని భయమేసింది. అంతే. చెడు తలచలేదు. దేవుడి తోడు."

"తెలుసు."

లోజా అప్పుడు తిరిగి చూసింది. గేనియా తలుపు పట్టుకుని నిలబడి ఉంది. చిక్కిపోయింది. జుట్టు పండిపోయింది. ప్రయాణానికని నీలం గౌను వేసుకుంది.

"తెలుసా?"

"ఆ రోజే తెలుసు. గుడిలోంచి ఇంటికి నడిచే లోపలే తెలుసు." గేనియా తలుపు వదిలి, మోకాలు పట్టుకుని మెల్లిగా వంగి, ఆమె పక్కన కూర్చుంది. "మొదటి ఏడు కోపమే. వాడు పోయాక... చూడు లోజా, వాడు పోయాక నాకు ఎవరో ఒకరి మీద కోపం ఉండాలి. లేకపోతే బతకలేను. జర్మనీవాడి మీద పెట్టుకుందామంటే వాడెవడో, వాడి ముఖమెలా ఉంటుందో నాకు తెలీదు. దేవుడి మీద పెట్టుకుంటే ఆదివారం గుడికి ఏ ముఖంతో వెళ్ళేదాన్ని? నువ్వయితే గోడ పక్కనే ఉన్నావు. నీ మీద పెట్టుకున్నా. నువ్వు మోస్తావని తెలుసు."

లోజా నోటికి ఏప్రాను అడ్డం పెట్టుకుంది.

"ఏడవకు. ప్రతి శనివారం హంసల వెనక నుంచి చూసేదాన్ని నిన్ను. మూల సరిగ్గా తోమేదానివి కాదు. బయటికొచ్చి చెబుదామనిపించేది."

"మూల తోమలేదా? ఎవరు? నేనా?"

"ఎడమ మూల. పచ్చగా ఉండేది. ఇరవై ఏళ్ళు పళ్ళు నూరుకున్నా."

ఏడుపులోనే లోజాకు నవ్వొచ్చింది. గేనియా నవ్వలేదు. ఆమె చూపు మెట్ల మీదే ఉంది. వేలితో పైమెట్టు అంచు రాసింది.

"వాడి మెట్లు మాత్రం ఎవరూ కడగలేదు కూమా. నేనే కడుక్కున్నా. తల్లి కడుక్కోకూడదు. అది ఇరుగుపొరుగు పని."

లోజా లేచింది. తన ఇంట్లోకి వెళ్ళి బకెట్టు నింపి, బ్రష్షు, నురుగురాయి, గోనె మడత తెచ్చింది. గేనియా సంచీ భుజాన వేసుకుని, గుడికి వెళుతున్నదానిలా వీధి చివరిదాకా నడిచింది. ఆచారం ప్రకారం ఇంటివాళ్ళు అక్కడ ఉండకూడదు. లోజా మోకరిల్లింది. ముసలి మోకాళ్ళు, కిందికి వెళ్ళడానికే కష్టమైంది. పైమెట్టు, నడిమెట్టు, కిందిమెట్టు. జెనోన్ అని పేరు పెట్టి, నిత్య విశ్రాంతి ప్రార్థన చెప్పుకుంటూ తోమింది. ఎడమ మూల రెండుసార్లు తోమింది. లారీలో లావు మనిషి ఏమనుకున్నాడో గాని దిగి, టోపీ తీసి, నీళ్ళ బకెట్టు మళ్ళీ నింపి తెచ్చి పెట్టాడు. "మా అమ్మ కూడా తోమేది" అన్నాడు అంతే.

గేనియా తిరిగి వచ్చేసరికి మెట్లు తడిగా తెల్లగా మెరుస్తున్నాయి. ఆమె గట్టు మీద ఆగి, సిలువ గుర్తు వేసుకుని, మూడు మెట్లూ ఎక్కి లోపలికి వెళ్ళింది. కొంతసేపటికి లోపల నుంచి కాఫీ వాసన వచ్చింది.

మూడు కప్పులు తెచ్చింది. ఒకటి లారీ మనిషికి. సోమవారం నాటి రొట్టె లోజా ఇంట్లో ఉండనే ఉంది, గట్టిపడింది, కాఫీలో ముంచుకు తిన్నారు. ఆ పొద్దంతా ఆ మెట్ల మీదే కూర్చున్నారు. టమాటా బల్ల కబుర్లు, పెలాజియా నల్ల పట్టీ, తెయోఫిల్‌కు చీకట్లో కనపడని హద్దు, జెనెక్ చిన్నప్పుడు పీతకు తాడు కట్టి గుడిలోకి తెచ్చిన సంగతి. ఆ పీత కథకు గేనియా నవ్వింది. అతని పేరు అన్నేళ్ళ తర్వాత ఆ వీధిలో నవ్వుతో కలిసి వినపడింది.

మధ్యాహ్నం చెల్లెలి కొడుకు కారు వచ్చింది. పెట్టెలు ఎక్కించారు. గేనియా ముందు సీట్లో కూర్చుని, అద్దం దించి, లోజా చెయ్యి పట్టుకుంది.

"ఇంత చిన్న పనికి ఇన్నేళ్ళు పట్టిందా నీకు?" అంది. "ముందే వచ్చి నా మెట్ల మీద కూర్చోవాల్సింది కూమా."

"నువ్వు ముందే తలుపు తియ్యాల్సింది."

"తట్టావా?"

"తట్టాలా? హంసల వెనకే ఉన్నావుగా?"

"సరే, తప్పు ఇద్దరిదీ. నీది కాస్త ఎక్కువ" అంది గేనియా. కారు కదిలింది.